గాలి తేడా

పాల్మాకులలో భాగ్యలక్ష్మి నవ్విందంటే నాలుగిళ్ల అవతలికి వినబడేది. ఎయిర్‌పోర్టు రోడ్డు పక్క మొక్కల్లో కలుపు తీసే ఆడవాళ్లు ఆమె పక్కన కూర్చోవాలని పోట్లాడుకునేవాళ్లు. మొగుడు శివశంకర్ కార్గోలో పెట్టెలు మోసేవాడు. "విమానం ఎక్కే పెట్టెలు లేపుతడు గని, ఇంట్ల పీట లేపడు" అని వెక్కిరిస్తే ఆయన ముసిముసిగా నవ్వి ఊరుకునేవాడు.

అలాంటి శివశంకర్‌ను జ్వరాలు పట్టుకున్నాయి. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేవి. దగ్గు ఊపిరాడనిచ్చేది కాదు. చివరికి పట్నంలో ఒక పెద్ద దవాఖానలో పరీక్షలన్నీ చేశారు. అక్కడి డాక్టర్ రాజశేఖర్ కోస్తావాడు, ఓపికున్నవాడు. వీళ్లకు అర్థం కావాలని కుర్చీ దగ్గరికి లాక్కుని మరీ చెప్పాడు.

"మన ఒంట్లో ఒక గాలి తయారవుతుందమ్మా. జబ్బుతో పోరాడే కణాలు ఎదగాలన్నా, పనిచేయాలన్నా అది కావాలి. మీ ఆయనకు ఆ గాలిలోనే తేడా ఉంది. మందులు మొదలుపెడదాం. జనంలోకి, పొగలోకి మాత్రం తీసుకెళ్లకండి."

ఇంటికొచ్చి అత్త రుక్మిణమ్మకు ఆ మాట చెప్పిందో లేదో, ఆమె నెత్తి కొట్టుకుంది.

"గాలి తేడా అంటే ఏందే? గాలి సోకిందనే గద! నేను ముందుగాలనే అన్న. ఇగ గంత పెద్ద డాక్టరే ఒప్పుకున్నడు."

"పొగల తిప్పొద్దన్నడు అత్తా."

"పొగ లేకుంటే గాలి ఎట్ల పోతదే, పిచ్చిదానా!"

మొగుడు బతకాలి, అంతే. ఆమెకు ఇంకేమీ అక్కర్లేదు. డాక్టరూ అత్తా ఒకే మాట అంటున్నట్టు తోచింది. మందులూ వేసింది, అమావాస్యనాడు బుద్వేల్‌లో గాలి తీసే ఆయన దగ్గరికీ తీసుకెళ్లింది. ఇరుకు గది, దగ్గే జనం, సాంబ్రాణి, ఎండుమిరప పొగ.

"జర బయటికి పోదాం లచ్చిమీ" అన్నాడు శివశంకర్.

"జర ఓపిక పట్టు. అయిపోతది" అని ఆమే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

వారం తిరగకుండానే ఆయన పోయాడు.

దినాలయ్యాక దవాఖానకు వెళ్లి జరిగిందంతా చెప్పింది. డాక్టర్ మళ్లీ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"పొగవల్లే అని చెప్పలేనమ్మా. జబ్బే గట్టిది. కానీ ఆ మాట నేను వేరేలా చెప్పాల్సింది."

"నువ్వు మంచిగనే చెప్పినవ్ సారూ. మా తాన గాలంటే గదే." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "దానికి ఇంకో పేరు లేదా?"

"నైట్రిక్ ఆక్సైడ్."

పలికి చూసింది. నోరు తిరగలేదు.

"గప్పుడు గీ పేరే చెప్తే అయిపోతుండె సారూ. నాకేం సమజ్ కాకపోతుండె. సమజ్ కాకుంటే నువ్వు చెప్పినట్టే చేస్తుంటి."