చావడిలో చదివిన థీసిస్

జరిగిందేమిటని నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. నేను అడిగినదానికి కూడా ఎవరూ పలకలేదు. ఈ మధ్య ఒక విశ్వవిద్యాలయంలో పల్లెల ఆచారాల మీద పరిశోధన చేయించే విభాగం వాళ్లు తమ పనుల గురించి ఒక సావనీరు వేశారు. మత విషయాల మీద జరిగిన పరిశోధనను ప్రజల ముంగిటికి ఎలా తీసుకుపోయారో అందులో ఒక వ్యాసం ఉంది. జీపు డ్రైవరుకు కృతజ్ఞతలు చెప్పారు. మైకు సెట్టు అద్దెకిచ్చినతనికి చెప్పారు. నా ఊసు లేదు. బాధ కలిగింది, కలగలేదని అబద్ధం చెప్పను. అయినా దాన్ని నేను మోయగలను. మోయలేనిది ఇంకొకటి ఉంది. మా పక్క ఊరి పెద్దాయన నోటుపుస్తకం ఆ విభాగం బీరువాలో ఉంది. దాన్ని ఆయన ఇచ్చింది నా మాట మీద. అది ఎప్పుడు తిరిగిస్తారని ఏళ్ల తరబడి అడుగుతున్నాను.

అది ఏ విశ్వవిద్యాలయమో రాయను. మా జిల్లాది కాదు, చాలా దూరం. డెబ్బైల చివర నేను గార్లదిన్నె దగ్గర ఒక హైస్కూల్లో తెలుగు పండితుణ్ణి. ఒకరోజు అక్కడి ప్రొఫెసరు దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. మా విద్యార్థులు పల్లెల ఆచారాల మీద డాక్టరేటు చేస్తున్నారు, తాము కనుక్కున్నది మామూలు జనానికి అర్థమయ్యేలా చెప్పడం వాళ్లకు రావడం లేదు, మీరు నేర్పగలరా అని అందులో ఉంది. తెలుగు పండితుడికి, తెలుగులో మాట్లాడటం నేర్పమని, ఇంగ్లీషులో టైపు చేసిన ఉత్తరం. నేను మర్నాడే జవాబు రాశాను.

మొదట వచ్చిన కుర్రాడు కోస్తావాడు. గుంతకల్లులో రైలు మారి, సంచీ నిండా కాగితాలతో మా బడికి వచ్చాడు. వానలు పడనప్పుడు మా పల్లెల్లో పురాణం చదివించే వాడుక ఉంది, దానిమీద అతని పరిశోధన. చదివేది పక్క ఊరి పెద్దాయన. పురాణమంతా ఆయన చేతిరాతతో ఒక లావుపాటి నోటుపుస్తకంలో ఉండేది. ప్రతి పద్యం కిందా ఊరి మాటల్లో ఆయన సొంత వివరణ కూడా ఉండేది. కుర్రాడు దాన్ని చూసి వదల్లేకపోయాడు. కొన్నాళ్లు ఇస్తే నకలు రాసుకుంటానన్నాడు.

పెద్దాయన నా వైపు తిరిగాడు. "ఇది ఇల్లు దాటి పోలేదు అయ్యవారూ, ఎప్పుడూ."

"నాదే పూచీ" అన్నాను.

"నువ్వంటాండావు కాబట్టి ఇస్తాండా" అని, పుస్తకాన్ని తువ్వాల్లో చుట్టి నా చేతికి ఇచ్చాడు, కుర్రాడి చేతికి కాదు.

ఇక నేర్పడం. అతణ్ణి తరగతి గదిలో కూర్చోబెట్టి లాభం లేదని రెండు రోజుల్లో తెలిసిపోయింది. అతని మొదటి వాక్యం ఇది: "వర్షాభావ ప్రాంతాలలో వర్షాపేక్షతో నిర్వహింపబడు క్రతువుల యొక్క సాంఘిక ప్రయోజనం." గార్లదిన్నెలో ఒక వ్యాపారి కొట్టంలో ఆడవాళ్లు విత్తనానికి చెనక్కాయలు, అంటే వేరుశనగ కాయలు, ఒలుస్తుంటారు. అక్కడికి తీసుకుపోయి, కాయల గుట్ట ముందు నిలబెట్టి, తన పరిశోధన ఏమిటో చెప్పమన్నాను. చెప్పాడు.

ఒలుస్తున్నామె పక్కామెను అడిగింది: "ఏమక్కా, ఈ సారు ఓట్లడిగేదానికి వచ్చినాడా?"

"ఓట్లకైతే దండం పెడ్తాడు గదే. సూదులేసేదానికి వచ్చింటాడు."

"అమ్మో, నాకొద్దు తల్లీ. నిరుడేసిన సూదికి మూడు దినాలు చెయ్యి లేవలేదు."

కుర్రాడి ముఖం ఎర్రబడింది. మాట్లాడొద్దు, కూర్చుని ఒలువు అన్నాను. గంటసేపటికి బొటనవేలి తోలు లేచిపోయింది. అప్పుడొక ముసలామె జాలిపడి అడిగింది.

"ఏం సదువుతాండావు నాయనా?"

"వానలు పడనప్పుడు మీరు పురాణం ఎందుకు చదివిస్తారో తెలుసుకుంటున్నానండి."

"ఎన్నేండ్ల నుంచి?"

"అయిదేళ్లండి."

"అయ్యో! మొదట్నే మమ్మల్ని అడిగింటే ఆపొద్దుకే అయిపోయుండును గదా!"

అతను ఆ ముసలామెకు చెప్పిన జవాబే అతని జీవితంలో జనానికి అర్థమైన మొదటి వాక్యం. ఆ తర్వాత నెలరోజులు అదే కొట్టంలో సాధన చేయించాను. నా పద్ధతి ఒక్కటే. ఆడవాళ్లు ఏ మాట దగ్గర అతణ్ణి వదిలేసి తమలో తాము మాట్లాడుకోవడం మొదలుపెడితే, ఆ మాట దగ్గర ఎర్ర పెన్సిలుతో గీత పెట్టాలి. సాయంత్రం ఆ వాక్యాన్ని కొట్టేసి కొత్తది రాయాలి. మొదట్లో కాగితం ఎర్రగా ఉండేది. పోనుపోను తెల్లబడింది. ఈ పద్ధతి సావనీరులో ఉంది, ప్రొఫెసరు కనిపెట్టినట్టుగా. మధ్యలో ఆయన ఒకసారి వచ్చి, తన వెంట ఉన్నవాళ్లకు నన్ను "మన లోకల్ కాంటాక్ట్" అని పరిచయం చేశాడు. బడిలో రెండే కుర్చీలుంటే రెండూ వాళ్లే తీసుకున్నారు. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను.

థీసిస్ అయ్యాక, ఏ ఊరిమీద రాశారో ఆ ఊళ్లోనే ఒక ఉపన్యాసం ఇవ్వాలని విభాగం నియమం. మంచి నియమమే. పెద్దాయన ఊళ్లో ఏర్పాటు నేను చేశాను. అది వానలు తప్పిన రెండో ఏడు. ఆషాఢం సగమైనా నేల తడవలేదు. మధ్యాహ్నం మేము వెళ్లేసరికి చావడి అలికి ముగ్గు వేసి ఉంది. అందరూ తలస్నానాలు చేసి వచ్చారు. చెప్పులన్నీ దూరంగా ఉన్నాయి. బల్లమీద థీసిస్ పెట్టగానే ఒకాయన వచ్చి దాని అట్టకు పసుపు కుంకుమలు పెట్టి టెంకాయ కొట్టాడు. ప్రొఫెసరు సంతోషపడి ఫోటో తీయించుకున్నాడు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు. ఆ తప్పు నాదే.

కుర్రాడు గంటసేపు మాట్లాడాడు. ఒక్కరు కూడా పక్కకు తిరగలేదు. నాకు ఛాతీ ఉప్పొంగింది. చివర్లో అతను, ఇంకా అయిదు అధ్యాయాలున్నాయి, సమయం లేదు కాబట్టి ఇంతటితో ముగిస్తున్నానని నమస్కారం పెట్టాడు. ఎవరూ లేవలేదు.

పెద్దాయన నెమ్మదిగా అడిగాడు: "మిగిలింది ఎవురు సదువుతారప్పా?"

వానలేని ఆషాఢంలో, చావడిలో, చదువుకున్నవాడొకడు పుస్తకం ముందుపెట్టుకుని కూర్చుంటే ఆ ఊరికి అది ఉపన్యాసం కాదు. అది పురాణం చదవడమే. కరువులో మొదలుపెట్టిన చదువును సగంలో విడిచిపెట్టకూడదు. అది పూర్తయ్యేవరకూ ఏ ఇంటివాళ్లూ ఊరు విడిచిపోకూడదు. ఇదంతా కుర్రాడు మూడో అధ్యాయంలో రాశాడు. నేనే దిద్దాను. అది మాకే వర్తిస్తుందని ఇద్దరికీ తోచలేదు.

జీపు సిద్ధంగా ఉంది, రేపు మీటింగుంది అన్నాడు ప్రొఫెసరు.

బళ్లారి వైపు కూలికి పోవడానికి మూటలు కట్టుకున్న ఒక రైతు లేచాడు. "మేము మూటలిప్పినాం సారూ. పిల్లోళ్లను గూడా నిలిపినాం. మీరు జీపెక్కుతారా?"

"ఇది పూజ కాదయ్యా, రీసెర్చి."

"ఏందో ఒకటి. టెంకాయ కొట్టినాం గదా. ఫోటో గూడా తీయించుకుంటివి గదా!"

నవ్వులు లేచాయి. ప్రొఫెసరుకు నవ్వు రాలేదు. ఇదంతా మీరు ముందే చెప్పాల్సింది అని అందరి ముందూ నన్ను గద్దించి, జీపెక్కి వెళ్లిపోయాడు. కుర్రాడు ఉండిపోయాడు. వరసగా మూడు మధ్యాహ్నాలు మిగిలిన అధ్యాయాలన్నీ చెప్పాడు. రెండో రోజు నుంచి కాగితం చూడలేదు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో అంత బాగా చెప్పిన విద్యార్థిని నేను చూడలేదు. వాన పడలేదు. దానికి ఎవరూ అతణ్ణి ఒక్క మాట అనలేదు.

చివరి రోజు పెద్దాయన అతణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"అంతా బాగుండాది గానీ, వానొస్తాదని నమ్మి సదువుతామని రాసినావే, అదే బాగలేదు. నేను సదివిన ఏండ్లలో వానొచ్చినవి తక్కువ, రానివి ఎక్కువ. అంత తెలివిలేనోళ్లమా?"

"మరెందుకు తాతా?"

"సదివేటప్పుడు ఎవురూ ఊరొదిలి పోరు గదా. ఆ వారం దినాలు అందరూ ఈడ కూసుంటారు. ఎవురు యాడికి కూలికి పోతాండారు, ఎవురి ముసలోళ్లను ఎవురు చూస్తారు, ఎద్దులను ఎవురింట్లో కట్టేస్తారు, అంతా మాట్లాడుకుంటారు. నేను రాసిపెడ్తా. నా పుస్తకంలో ఎనకపక్క ఉండాది. నువ్వు చూడ్లేదా?"

చూశాడు. పద్యాలు కావు కాబట్టి, ఏవో ఇంటి రాతలనుకుని నకలు రాసుకోలేదు. నేనూ ఆ పేజీలు తిప్పలేదు. అయిదేళ్ల పరిశోధనకు అసలు సమాధానం ఆ పేజీల్లో ఉంది. ఎవరి తల్లి ఎవరి ఇంట్లో ఉందో, ఎవరు ఎక్కడ దొరుకుతారో కూడా వాటిలోనే ఉంది. ఆ ఊరివాళ్లు మళ్లీ ఒకర్నొకరు వెతుక్కోవడానికి ఇంకో ఆధారం లేదు.

కుర్రాడు తిరిగి వెళ్లి ఆ సంగతి థీసిస్‌లో చేరుస్తానన్నాడు. బైండింగయిపోయింది, ఇప్పుడు కుదరదన్నాడు ప్రొఫెసరు. నకలుకని తీసుకుపోయి విభాగంలో పెట్టిన నోటుపుస్తకం ఇవ్వమని అడిగితే, పరీక్షకులు చూడాలి, అంతవరకూ విభాగంలోనే ఉండాలన్నాడు. పరీక్షకులు చూశారు. డాక్టరేటు వచ్చింది. కుర్రాడు ఎక్కడో ఉద్యోగంలో చేరి నాకు కార్డు రాశాడు: "బీరువా తాళం నా దగ్గర లేదు మాస్టారూ, అడిగీ అడిగీ చెడ్డవాణ్ణయ్యాను." అతని మీద నాకు కోపం లేదు.

ఆ తర్వాత నేను రాయడం మొదలుపెట్టాను. మామూలు ఉత్తరాలు రాశాను. రిజిస్టరు చేశాను. రసీదు కార్డులు సంతకంతో తిరిగొచ్చాయి, అంటే అక్కడ అందుకునే మనిషి ఉన్నాడు. ఒక్కసారి విభాగం నుంచి కవరు వచ్చింది. వాకిట్లోనే చింపాను. కొత్త జట్టు విద్యార్థులకు ప్రజలతో మాట్లాడటం నేర్పడానికి వీలవుతుందా అని అడుగుతున్నారు. నా ఉత్తరాల ప్రస్తావన ఒక్క ముక్క లేదు. పుస్తకం వచ్చాక నేర్పుతానని రాశాను. దానికీ జవాబు లేదు.

కిందటి కరువులో ఆ ఊరు మళ్లీ చెదిరింది. రాయదుర్గం వైపు పోయిన ఒకతను తిరిగొచ్చి, తన వెనకే కూలికి పోయిన భార్యను, నాయనను ఎవరింట్లో పెట్టిపోయావని అడిగితే ఆమె ఒక పేరు చెప్పింది, ఆ ఇంటివాళ్లు ఇంకో పేరు చెప్పారు. వాళ్లూ పోయి వచ్చినవాళ్లే. ముసలాయన మూడిళ్లు మారి, చివరికి గుంతకల్లు స్టేషన్లో దొరికాడు. పెద్దాయనకు ఇప్పుడు చూపు మందగించింది. కొత్తగా రాయలేడు. నేను వీధిలో కనబడితే దండం పెట్టడం మానేశాడు. "ఏమప్పా, రాసినారా వాళ్లు?" అని మాత్రం అడుగుతాడు. నేను తల అడ్డంగా ఊపుతాను. ఆ తల ఊపడం ఆయనకు కనబడదు, నోటితో చెప్పాలి.

కాబట్టి అయ్యా, ప్రొఫెసరుగారూ, మీరు రిటైరై ఉంటే మీ కుర్చీలో కూర్చున్నవారూ, ఇది చదవండి. పుస్తకం ఉంటే పంపండి. పోయి ఉంటే పోయిందని రాయండి, నేను ఆ చావడికి పోయి నా నోటితో చెబుతాను. వెనక పేజీలు ఒక్కటైనా ఎవరైనా నకలు తీసుకుని ఉంటే అదైనా ఇవ్వండి. ఉందా, పోయిందా? ఇంగ్లీషులో రాసినా సరే. జవాబు రాయండి.