నాలుగు వందల పన్నెండు మూలలు

తెలుగువారి నోట నలిగే ఇంగ్లీషు మాటల నిఘంటువు అచ్చయింది. నాలుగో పుటలో పద్నాలుగు పేర్లున్నాయి. అట్ట మీద బొమ్మ గీసిన వ్యక్తి పేరుంది. కార్యాలయంలో ఫ్యాన్లు బాగుచేసిన మేస్త్రీకి ప్రత్యేక కృతజ్ఞతలున్నాయి. 'సెట్' అనే ఒక్క ఇంగ్లీషు మాటకు తొమ్మిదేళ్లపాటు అర్థాలు ఏరి, నాలుగు వందల పన్నెండు కార్డులు రాసిన ఉద్యోగిని పేరు లేదు. ఆ మాటకు కేటాయించిన పదకొండు పుటల్లో ఉన్నవి ఆమె వాక్యాలే, కామాలతో సహా.

కార్యాలయంలో అందరూ ఆమెను సెట్ మేడమ్ అనేవారు. ఆమె ఉద్యోగంలో చేరేనాటికి పొడుగుపాటి మాటలన్నీ పెద్దవాళ్లు పంచేసుకున్నారు. మిగిలిన ఈ పొట్టి మాట ఆమె వంతుకు వచ్చింది. వారంలో తేల్చేస్తానని మాట ఇచ్చింది. "ఆ వారానికి ఇంకా శనివారం రాలేదు" అని తర్వాత తనే నవ్వేది.

మాట ఎక్కడ వినబడితే అక్కడే ఆ వాక్యాన్ని, తేదీని, అన్నవారి వృత్తిని అరచేతి వెడల్పు కార్డు మీద రాయాలి. కుడివైపు పై మూలలో రాసినవారి పొడి అక్షరాలుండాలి. టీవీ సెట్టు, నగల సెట్టు, నాటకం సెట్టు మొదటి నెలలోనే దొరికాయి. ఆ తర్వాత మాట ఆమెను వీధుల వెంట తిప్పింది. అలారం సెట్ చేసేవారు, జుట్టు సెట్ చేసేవారు, సిమెంటు సెట్ కావాలని కాపలా కాసేవారు. మణికట్టు విరిగి ఎముకల డాక్టరు దగ్గరికి వెళితే, ఆరు వారాల్లో సెట్ అవుతుందన్నాడు. ఆమె నొప్పి మరచి, ఆ వాక్యాన్ని మళ్లీ చెప్పించుకుని, ఎడమ చేత్తో కార్డు రాసింది. అది కోడి గెలికినట్టు ఉంటుంది. చెల్లెలికి సంబంధం సెట్ అయిందని తల్లి కేకవేసిన రోజు ఇంట్లో అందరూ పెళ్లికూతురిని చుట్టుముట్టారు. ఈమె పెన్ను వెతుక్కుంది.

"నా పెళ్లి నీకు ఎన్నో కార్డు అక్కా?"

"నూట డెబ్బై. నూట డెబ్బై ఒకటి మీ ఆయనది. ఆదివారాలు తనకి సెట్ అవవన్నాడుగా!"

ఐదో ఏట ఆమె ఆ మాట పుట్టుపూర్వోత్తరాలు తవ్వింది. అది ఒక మాట కాదు, రెండు. కూర్చోబెట్టడం అనే పాత ఇంగ్లీషు క్రియ నుంచి వచ్చింది ఒకటి. అనుచరుల గుంపు అనే లాటిన్ మాట నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది మరొకటి. ఏ చుట్టరికమూ లేని ఇద్దరు ఒకే గదిలో అద్దెకుండి, పోనుపోను పోలికలు తెచ్చుకున్నారన్నమాట. ఆ సాయంత్రం బస్సులో పక్కసీటావిడకు ఈ కథంతా వివరించింది. ఆవిడ తన స్టాపు రాకముందే దిగిపోయింది.

చివరి ఏడాది, కార్డులను కంప్యూటర్లోకి ఎక్కించే యంత్రం వచ్చింది. నలిగిన కుడివైపు పై మూలలు అందులో ఇరుక్కుపోతుంటే, వాటిని కత్తిరించేయమని ప్రధాన సంపాదకుడు నోటితో చెప్పాడు. మిగతావారు బద్ధకించి, మూలలను అరచేత్తో రుద్ది యంత్రానికి అందించారు. వారి పొడి అక్షరాలు మిగిలాయి. ఆజ్ఞంటే ఆజ్ఞే అనుకునే ఈమె ఒక్కతే స్కేలు పెట్టి గీత గీసి, తన కార్డులన్నిటికీ ఆ మూల కత్తిరించింది.

పుస్తకం వచ్చిన మర్నాడు ఆమె సంపాదకుడి గదికి వెళ్లింది.

"పొడి అక్షరాలు చూసే పేర్లు వేశాం మేడమ్. మీ కార్డుల మీద ఏవీ?"

"మూలల్లో ఉండేవి సార్. కత్తిరించాం కదా."

"ఎవరు కత్తిరించారు?"

"నేనే."

"ఎవరు చెప్పారు?"

"మీరే సార్."

"రాసిచ్చానా?"

ఆమె నమస్కారం పెట్టి బయటికి వచ్చేసింది. ఇంటికి వచ్చేసరికి చెల్లెలు ఎదురుచూస్తోంది.

"లోకంలో ఎవరి పేరైనా ఇంకొకరు కొట్టేస్తారే. నా పేరు నేనే కొట్టేసుకున్నా. అదీ వంకర రాకుండా, స్కేలు పెట్టి!"

"ఆ ముక్కలేం చేశావ్?"

"నవ్వనంటే చెప్తా."

బీరువా అడుగు నుంచి బిస్కెట్ల డబ్బా తీసింది. చిత్తుకాగితమైనా పారేయరాదని కార్యాలయంలో ఒక ఉత్తర్వు ఉంది, కింద సంపాదకుడి సంతకంతో. డబ్బాలో ఆ ఉత్తర్వు నకలు, దాని కింద నాలుగు వందల పన్నెండు మూలలు, ఒక్కోదాని వెనుక దాని కార్డు నంబరు ఉన్నాయి.

"ఇవున్నాయని ఆయనకెందుకు చెప్పలేదక్కా?"

"కాగితం ముక్కలు దాచుకున్నానంటే పిచ్చిదనుకోరూ?"

"ఇప్పుడు మాత్రం ఏమనుకుంటున్నారంటావ్?"

ఇది చదివే సంపాదకవర్గం వారికి: డబ్బా ఆమె దగ్గరుంది, కార్డులు మీ దగ్గరున్నాయి. ఒక బల్ల వేయండి. ఆమె ఎదుటే ఒక్కో మూలను దాని కార్డుకు ఆనించి చూడండి. అంచు అంచుతో కలిస్తే, అమ్ముడుపోని ప్రతి పుస్తకంలోనూ నాలుగో పుట మీద ఆమె పేరుతో సవరణ చీటీ అతికించండి. రెండో ముద్రణలో ఆ పేరును అచ్చువేయండి. ఈ రెండూ చేస్తామని పదిహేను రోజుల్లోగా ఆమెకు తెలియజేయండి. ఈసారి నోటితో చెప్పడం కుదరదు. రాసివ్వండి.