కామారెడ్డిలో దొరకని రాతీగ

పెళ్లిసంబంధం కోసం కాకుండా ఒక మగవాడి కోసం వాగులు పట్టుకు తిరిగినవాణ్ణి మా యూనివర్సిటీలో నేనొక్కణ్ణే. ఆ మగవాడు ఒక పురుగు.

ఎనభైల మొదట్లో, వానలు వెనకబట్టిన ఒక ఉదయం కాచిగూడలో ఇడ్లీ తిని మీటర్ గేజి బండి ఎక్కాం. నేను, మా ప్రొఫెసర్ గారు, వారి మూడు సంచులు. మేం వెళ్తున్నది స్టోన్‌ఫ్లై అనే పురుగు కోసం. దానికి తెలుగు పేరు లేదు కాబట్టి నేనే రాతీగ అని పిలుచుకునేవాణ్ణి. చిన్నతనమంతా పారే నీళ్లలో రాళ్ల కింద గడుపుతుంది, రెక్కలొచ్చాక కొద్దిరోజులు బతికి పోతుంది. నీళ్లు కాస్త మురికైనా బతకదు, ఆ విషయంలో మనకంటే దానికే పట్టింపు ఎక్కువ. అంతకు ముందు ఏడాది ఎల్లారెడ్డి అవతల అడవి వాగులో నాకు ఒక ఆడది దొరికింది. ఏ పుస్తకంలోనూ లేని మచ్చ దాని తలమీద ఉంది. అయితే ఈ పురుగుల్లో జాతిని తేల్చేది మగదాని తోక కొస. మగది దొరికితే కొత్త జాతి, నాకు డాక్టరేటు. దొరక్కపోతే నా ఇన్నేళ్ల చదువు మూసీలో కలిసినట్టే.

నా చేతిలో వల చూసి ఎదురుగా కూర్చున్న పెద్దాయన అడిగాడు. "చాపలకా సార్?"

"కాదండీ, పురుగులకు."

"మా ఇంట్ల బియ్యంల మస్తున్నయి. ఎన్ని కావాల్నంటే అన్ని తీస్కపో, పైసల్ గూడ అద్దు."

ప్రొఫెసర్ గారు ఆయన్ను జాలిగా చూసి, క్షేత్రపరిశోధన అంటే తపస్సేనని దారి పొడుగునా నాకు బోధించారు. పదిన్నరకు కామారెడ్డిలో దిగాం. ట్రావెలర్స్ బంగ్లాలో ఫ్యాను తిరుగుతోంది, వంటింట్లోంచి కోడికూర వాసన వస్తోంది. అది ముక్కుకు తగిలీ తగలగానే వారికి మోకాలి నొప్పి మొదలైంది. "నువ్వు వెళ్లిరావయ్యా. నేను ఇక్కణ్ణుంచి పర్యవేక్షిస్తాను" అన్నారు. ఎల్లారెడ్డి అవతలి వాగును కామారెడ్డి మంచం మీంచి పర్యవేక్షించడానికి ఎంత దూరదృష్టి ఉండాలి!

మధ్యాహ్నం బస్సులో నిలబడే వెళ్లాను. రెండు దాటాక ఎల్లారెడ్డిలో దిగి, హోటల్లో రొట్టె, గుడ్డుకూర తిని, ఒక బట్టల దుకాణం మేడమీద గది తీసుకున్నాను. ఇక కావలసినవి ఒక పెట్రోమాక్స్ దీపం, ఒక తెల్లగుడ్డ. పొద్దుగూకాక వాగు ఒడ్డున గుడ్డ కట్టి ముందు దీపం పెడితే, రెక్కల పురుగులు వెలుతురుకు వచ్చి గుడ్డమీద వాలతాయి. కావలసినదాన్ని ఏరి స్పిరిట్ సీసాలో వేసుకోవచ్చు. పెళ్లిళ్లకు సామాన్లు కిరాయికిచ్చే ఖాదర్ భాయ్ దుకాణానికి వెళ్లాను.

"షాదీయా సాబ్?"

"కాదు భాయ్. వాగు పక్కన పల్లెలో గుడ్డ కట్టి దీపం పెట్టాలి. సర్కారు పని."

"సమజైంది సాబ్, సమజైంది" అని ఆయన కన్నుగీటాడు. ఆయనకు ఏం సమజైందో నాకు సమజవడానికి సాయంత్రం దాకా పట్టింది.

నేను వాగు చేరి గుడ్డ కట్టేసరికే పల్లె పల్లెంతా చాపలు, గొంగళ్లు చంకన పెట్టుకుని వచ్చేసింది. ఆ రోజుల్లో సర్కారువాళ్లు ఊరూరా తెల్లగుడ్డ కట్టి కుటుంబ నియంత్రణ సినిమాలు వేసేవారు. సర్కారు సారు, తెల్లగుడ్డ, పల్లె అన్న మూడు ముక్కలూ కలిపి ఖాదర్ భాయ్ సినిమా తయారుచేసి, నాకంటే ముందే పల్లెకు కబురు పంపాడు. ముందు వరసలో, వెంట్రుకలన్నీ దూదిలా నెరిసిన లచ్చవ్వ అనే ముసలమ్మ కాళ్లు చాపుకుని కూర్చుంది.

"సినిమా మిషన్ ఎప్పుడొస్తది బిడ్డా?"

నేను వినిపించుకోలేదు. దీపం రాజుకుంది, పురుగులు వాలుతున్నాయి. అప్పుడు కనబడింది, గుడ్డ కింది మూలన. రెక్కలు వీపుమీద చాపలా మడుచుకుని, వెనక రెండు తోకలతో, ఆడదానికంటే చిన్నగా. మగది! సీసా మూత తీస్తున్నాను. ఇంతలో లచ్చవ్వ లేచి, పక్కవాడి భుజమ్మీది తువ్వాల లాక్కుని, గుడ్డను ఈ కొస నుంచి ఆ కొసదాకా బరబరా తుడిచేసింది.

నేను కెవ్వున అరిచాను.

"గట్ల ఒర్రుతవేంది? బొమ్మ వడే జాగల పురుగులుంటే ఎట్ల కనవడ్తది? సాపు జేసిన, ఇగ షురూ చెయ్."

గడ్డిలో టార్చిలైటు వేసి వెతికితే దొరికింది ఒక్క రెక్క. రెక్కకు డాక్టరేటు ఇవ్వరు. నెత్తి కొట్టుకుని, సినిమా లేదనీ, నేను వచ్చింది పురుగుల కోసమనీ చెప్పాను. జనం భగ్గుమన్నారు. "పురుగులకోసం గింతమందిని కూసోవెట్టినవా?" అని ఒకడు మీదికి వచ్చాడు. తువ్వాల పోగొట్టుకున్న రైతే వాణ్ణి ఆపాడు.

"పోనియ్ రా. పోయినసారి గిట్లనే గుడ్డ కట్టి సినిమా సూపెట్టి, తెల్లారి జీబులేసుకొచ్చి మనోళ్లను ఆపరేషన్లకు వట్కపోయిన్రు. గీయన నయం, పురుగుల్నే వడ్తుండు."

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

మర్నాడు పొద్దంతా వాగులో రాళ్లు ఎత్తాను. అన్నీ పిల్లపురుగులే, రెక్కలొచ్చినది ఒక్కటీ లేదు. సాయంత్రం మళ్లీ గుడ్డ కట్టాను. జనం మళ్లీ వచ్చారు! నిన్న మిషన్ చెడిపోయి ఉంటుందనీ, పరువు పోతుందని సారు పురుగుల కథ అల్లాడనీ తీర్మానించుకున్నారట. ఈసారి నేను లచ్చవ్వ కాళ్లే పట్టుకున్నాను. "అవ్వా, ఎవరూ గుడ్డ ముట్టుకోకూడదు. కదలకూడదు. నా బతుకు దీనిమీదే ఉంది."

ఆమె నన్ను ఎగాదిగా చూసి వెనక్కి తిరిగింది. "ఇన్నరా? ఎవడన్న కదిలిండో, కాళ్లు ఇర్గగొడ్త."

పల్లె బొమ్మల్లా కూర్చుంది. కాసేపటికి మాటలు మాత్రం మొదలయ్యాయి. వాలిన ప్రతి పురుగుకూ ఒక వేషం ఇచ్చారు. మీసాల పురుగు విలన్ అన్నారు, దీపానికి తల కొట్టుకునేది తాగుబోతు మొగుడన్నారు, ఆకుపచ్చ మిడతను హీరోయిన్ చేశారు. మా డిపార్ట్‌మెంటులో వర్గీకరణ మీద ఇంత ఉత్సాహంగా చర్చ జరగడం నేనెప్పుడూ చూడలేదు.

గుడ్డమీద నాకు కావలసింది మాత్రం వాలడం లేదు. ఆశ వదులుకుంటుండగా లచ్చవ్వ పెదవులు కదపకుండా గొణిగింది. "బిడ్డా, నా నెత్తిమీద ఏందో పాకుతుంది. దులపాల్నా?"

తిరిగి చూశాను. దీపం వెలుతురుకు తెల్లగా మెరిసిపోతున్న ఆమె జుట్టుమీద రెండు తోకల మగవాడు తీరిగ్గా కూర్చున్నాడు.

"వద్దవ్వా! నీకు దండం పెడతా, కదలకు!"

మోకాళ్లమీద పాక్కుంటూ వెళ్లి పట్టుకున్నాను. ఆమె ఊపిరి కూడా బిగబట్టింది. సీసా మూత బిగించాక నాకు ఏడుపొచ్చింది. అంతమందిలో భోరుమని ఏడ్చాను.

"గీ పురుగుకు గంత సంబురమా? దీని పేరేంది?"

"ఇంకా లేదవ్వా. మా పెద్దసారు పెడతారు."

"ఆయనేడున్నడు?"

"కామారెడ్డి బంగ్లాలో."

"కన్నదొగలు, పేరు వెట్టేదొగలా! మంచిగున్నది మీ సదువు" అని చాప చుట్టుకుంది. పోతూ పోతూ వెనక్కి తిరిగి, "మల్ల వచ్చినప్పుడు మిషన్ తీస్కరా. ఏడుపు సినిమా అద్దు, ఫైటింగులుండాలె" అంది.

పొద్దున్నే మొదటి బస్సుకు కామారెడ్డి వచ్చి, మధ్యాహ్నం బండిలో తిరుగు ప్రయాణమయ్యాం. ప్రొఫెసర్ గారు కిటికీ దగ్గర భూతద్దంతో సీసాలోకి చూసి, "సాధించాను!" అన్నారు. మాటవరసకైనా "సాధించాం" అనలేదు. చీటీ తీసి రాయడం మొదలుపెట్టారు. జాతికి వైస్ చాన్సలర్ గారి పేరు. వారు వాగు ముఖం చూసి ఎరగరు గానీ, వీరి పదవీకాలం పొడిగించే సంతకం వారిదే. సేకరించినవారి చోట వీరి పేరు. దొరికిన చోటు: కామారెడ్డి.

"సార్, అది ఎల్లారెడ్డి అవతలి వాగు."

"ఎల్లారెడ్డి అంటే లండన్‌లో ఎవడికి తెలుసయ్యా? కామారెడ్డికి రైలుంది."

"పురుగు రైలెక్కి రాలేదు సార్!" గట్టిగానే అన్నాను, పెట్టెలో సగంమంది తిరిగి చూశారు.

"నీ థీసిస్ మీద సంతకం పెట్టేదెవరో గుర్తుందా?" అని వారు సిరా ఆరడానికి చీటీని ఉఫ్ ఉఫ్‌మని ఊదారు.

పక్కనున్న ఉల్లిగడ్డల వ్యాపారి సీసాలోకి తొంగిచూశాడు. "కామారెడ్డిలనా దొరికింది? నేను పుట్టిపెరిగింది గాడనే, గిసుంటిది ఎన్నడు సూడలె. దోమలైతే మస్తున్నయి సార్."

డాక్టరేటు వచ్చింది. కొన్నేళ్లకు ఇద్దరు పరిశోధకులు ఆ చీటీని నమ్మి కామారెడ్డిలో దిగి, స్టేషన్ వెనక మురుగుకాలవతో సహా గాలించి, ఈ జాతి అంతరించిందని రాసి పోయారు. దాన్ని కాపాడుకోలేకపోయామని మా ప్రొఫెసర్ గారు ఒక సభలో కంటతడి కూడా పెట్టారు. అది చూసి నాకు ఒళ్లు మండిపోయింది, వెంటనే మళ్లీ బండెక్కి ఆ వాగుకు వెళ్లాను. తిరిగొచ్చే దారిలో, రైల్లోనే కూర్చుని ఇది రాస్తున్నాను. రాతీగ చావలేదు. చూడాలనుకునేవారు కామారెడ్డిలో దిగి వెతక్కండి. ఎల్లారెడ్డి బస్సెక్కండి, అక్కణ్ణుంచి ఆటోలో వాగుదాకా పోండి, నీళ్లు గలగలమనే చోట రాయి ఎత్తి చూసి, మళ్లీ అలాగే పెట్టెయ్యండి. తెల్లగుడ్డ మాత్రం కట్టకండి. లచ్చవ్వకు ఇప్పుడు చూపు ఆనడం లేదు. నా గొంతు గుర్తుపట్టి ఆమె అడిగింది ఒక్కటే మాట.

"మిషన్ తెచ్చినవా బిడ్డా?"