ఇరవై బంతుల తర్వాతే చెక్క

అమలాపురంలోని ఒక ఆటసామాన్ల దుకాణంలో నేను ఉద్యోగానికి చేరింది కోవిడ్ ఆంక్షలు ఎత్తేసిన ఏడాది, వానలు మొదలైన వారంలో. మా మాస్టారు మోకాళ్ల నొప్పులతో దుకాణం మూసేయడంతో ఇరవై ఏడేళ్లకే ఆ వృత్తి నుంచి విరమించినదాన్నయ్యాను. ఇప్పుడు ఒక స్కూల్లో లైబ్రరీ చూసుకుంటున్నాను. అయినా టేబుల్ టెన్నిస్ బ్యాట్ కొనాలనుకున్నవాళ్లు ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు. వాళ్ల కోసం అప్పటి డైరీ పక్కన పెట్టుకుని ఒక్క సంగతి రాస్తున్నాను.

దుకాణంలో ఇద్దరమే. యజమాని మాస్టారు, ఒకప్పుడు హైస్కూల్లో డ్రిల్లు చెప్పినవారు. ఆయన తర్వాతి హోదా నాది. క్రికెట్, షటిల్ ఆయన చూసేవారు. నాకు మాట తక్కువ, చేతిపని ఎక్కువ కాబట్టి టేబుల్ టెన్నిస్ అల్మరా నాకప్పగించారు. ఈ ఆటలో బ్యాట్ విడివిడి భాగాలుగా వస్తుంది. పిడితో సహా ఉండే చెక్కను బ్లేడ్ అంటారు. మేం చెక్క అనే అనేవాళ్లం. దాని రెండు వైపులా రబ్బర్లు అతికించాలి. జిగురు రాసి, తెల్లగా ఉన్నది ఆరి కనబడకుండా పోయేదాకా ఆగి, రబ్బరు పరిచి, అంచు వెంట కత్తిరించాలి. ఆ పని నాకు ఇష్టంగా ఉండేది. ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు.

మాస్టారిది ఒకే నియమం. వెనక గదిలో పాత టేబుల్ ఒకటి ఉండేది. కొనే మనిషి ముందు అక్కడ ఇరవై బంతులు ఆడాలి. మాస్టారు నెమ్మదిగా బంతులు పంపేవారు. ఎన్ని తిరిగొచ్చాయో, పోయినవి నెట్‌కి తగిలాయో, టేబుల్ దాటాయో నేను కాగితం మీద గీతలు పెట్టేదాన్ని. ఏ చెక్క ఇవ్వాలో ఆ గీతల్ని బట్టి తేల్చేవాళ్లం.

చేరిన రెండో ఏడు, మాస్టారు సరుకు కోసం రాజమండ్రి వెళ్లిన ఒక రోజున సత్తిరాజు గారని కొత్తపేట వైపు కొబ్బరి రైతు వచ్చారు.

"మా ఆవిడకి పాపా. డాక్టరు గారు ఏదో ఒక ఆట ఆడమన్నారు. రెండు నెలల్నుంచి ఇక్కడ క్లబ్బుకొచ్చి ఆడుతోంది. నీ దగ్గరున్న వాటిల్లో అన్నిటికన్నా మంచిదియ్యి."

"ఆవిడ ఒకసారి వస్తే బాగుంటుందండీ," అన్నాను. అది కూడా సగం లోపలే ఉండిపోయింది.

"రేపు ఆవిడ పుట్టినరోజు. చెప్పకుండా ఇవ్వాల. ఇదిగో, ఇందులో కార్బన్ ఉందంటగా? బంతి తూటాలా పోద్దంటగా?"

"ఆయ్."

"అయితే ఇదే మంచిది కదా?"

"ఆయ్."

ఆయ్ అంటే మా వైపు అవునండీ అని. అలా అన్నానే గానీ, అది మంచిది కాదని నాకు తెలుసు. ఉత్త చెక్క పొరలతో చేసిన బ్లేడ్ బంతి వేగాన్ని కొంత మింగుతుంది. బంతి తగిలిన సంగతి చేతికి తెలుస్తుంది. పొరల మధ్య కార్బన్ పెడితే బ్లేడ్ బిర్రుగా అయి, బంతి తగిలీ తగలగానే వెళ్లిపోతుంది. దెబ్బ కుదిరినవాళ్లకి అది బలం. నేర్చుకునేవాళ్లకైతే చిన్న పొరపాటును కూడా పెద్దది చేసి చూపిస్తుంది. ఇదంతా తెలిసీ, అంత పెద్దాయన అంత ముచ్చటపడి అడుగుతుంటే కాదనలేక, రబ్బర్లు మరింత శ్రద్ధగా అతికించి ఇచ్చాను.

మూడు వారాల తర్వాత ఆయన భార్య కనకదుర్గ గారు ఒక్కరే బస్సులో వచ్చారు. సంచిలోంచి ఆ బ్యాట్ తీసి బల్ల మీద పెట్టారు.

"వెనక్కి తీసుకోమని కాదమ్మా. బ్యాట్ మంచిదే, నా చెయ్యే బాలేదు. క్లబ్బు బ్యాట్‌తో వరసగా పది బంతులు ఆడేదాన్ని. దీంతో రెండోదే గోడకి పోతుంది. బాగా ఆడే పిల్ల ఎవరైనా వస్తే ఇచ్చెయ్యి. నేను మానేస్తున్నాను."

ఆ మాట నవ్వుతూనే అన్నారు. వెళ్లబోతూ, "పెళ్లయ్యాక నా కోసమని నేను గుమ్మం దాటింది దీనికేనమ్మా," అన్నారు.

ఆవిడ చెయ్యి పట్టుకుని వెనక గదిలోకి తీసుకెళ్లి, ఐదు పొరల మామూలు చెక్కతో చేసిన బ్యాట్ ఇచ్చాను. లోపల కూర్చున్న మాస్టారు ఏమీ అడగకుండా లేచి అవతల నిలబడ్డారు. ఇరవైలో పదిహేను తిరిగొచ్చాయి. పదహారోది కూడా వచ్చిందనుకుని ఆవిడ నా గీతలు మళ్లీ లెక్కపెట్టించారు.

"ఇంత మామూలుదా!" అని బ్యాట్ తిరగేసి చూసుకున్నారు. వెంటనే మొహం వాడిపోయింది. "ఆయనకేం చెప్పనమ్మా? చిన్నబుచ్చుకుంటారు."

"తప్పు నాదండీ. నేను చెప్తాను."

ఆవిడ రెండు బ్యాట్లూ నా దగ్గరే వదిలి వెళ్లాక, మీరు చెప్తే బాగుంటుందని మాస్టారిని బతిమాలాను. "అమ్మింది నువ్వు. చెప్పాల్సిందీ నువ్వే," అన్నారు.

ఏం చెప్పాలో డైరీలో ఒక పేజీ నిండా రాసుకున్నాను. మర్నాడు ఫోన్ చేసి రమ్మంటే సత్తిరాజు గారు వచ్చారు. ఆయన్ని చూడగానే ఆ పేజీ అంతా మర్చిపోయి, కార్బన్ బ్యాట్ ఆయన చేతిలోనే పెట్టి, "ఒక్క ఇరవై బంతులు ఆడండీ," అన్నాను. మొదటిది ఫ్యానుకి తగిలింది. రెండోది ఫుట్‌బాల్‌ల వెనక్కి పోయింది. ఐదోదానికి ఆయన ఆపేశారు.

"ఇదేంటి పాపా, పట్టుకోకుండానే పోతుంది?"

అప్పుడు చెప్పాను. నేర్చుకునే చేతికి అది తగదని, ఆ రోజే నాకు తెలుసని, చెప్పలేకపోయానని, ఆవిడ మానేస్తానంటున్నారని.

ఆయన బ్యాట్ టేబుల్ మీద పెట్టేశారు. "మా చెట్లెక్కి కాయల దింపు తీసేవాడి కత్తి నా చేతికిస్తే నా వేలే తెగుద్ది. అది తెలిసీ ఇలా కొన్నాను చూడు," అన్నారు. తర్వాత నాకేసి తిరిగి, "నువ్వు ఆయ్ ఆయ్ అంటుంటే నేనేదో తెలిసినోణ్ణే అనుకున్నానే!" అని పెద్దగా నవ్వారు. మాస్టారు కూడా నవ్వారు. నేను తల ఎత్తలేదు.

కార్బన్ బ్యాట్ ఆయన వెనక్కి ఇవ్వలేదు. "ఇది నేనాడతాను. నా బంతులు గోడకి పోతుంటే ఆవిడకి సరదాగా ఉంటాది," అన్నారు. మామూలు చెక్క తీసుకెళ్లి ఆవిడకి ఇచ్చారు. క్లబ్బులో వారం వారం ఆయన ఓడిపోతూ బ్యాట్‌ని తిడుతున్నారని ఆవిడే వచ్చి చెప్పారు.

ఏడాది తర్వాత కనకదుర్గ గారు ఇంకాస్త వేగమైన చెక్క కావాలని వచ్చారు. ఇరవై బంతులు ఆడించాను. పద్దెనిమిది తిరిగొచ్చాయి కానీ గట్టిగా కొట్టిన రెండూ టేబుల్ దాటాయి.

"ఇప్పుడే వద్దండీ. ఇంకో ఆరు నెలలు దీంతోనే ఆడండి," అన్నాను, ఆవిడ కళ్లలోకి చూస్తూ.

"ఆయ్," అని బ్యాట్ సంచిలో పెట్టుకుని వెళ్లారు.

చెక్కల రకాలు చదివి నేర్చుకోవచ్చు, నేనూ అలాగే నేర్చుకున్నాను. ఎవరి చేతికి ఏది తగదో మాత్రం ఆ మనిషి ఆడుతుండగా చూడాలి, చూసింది కొనేవాళ్ల మొహం మీదే చెప్పాలి. నా జీతం జిగురు రాయడానికి మాత్రమే కాదని నాకు తెలియడానికి రెండేళ్లు పట్టింది.