చల్లబడిన గుడ్లు

1992 ఆగస్టు 9, ఆదివారం. చౌటుప్పల్. ఇంట్లో ఉన్నవారు: నేను, మోత్కూరు నుంచి వచ్చిన మరదలు. మధ్యాహ్నం తరువాత పక్కింటి దర్జీ భార్య.

నీటిపారుదల శాఖలో ఉన్న రోజుల్లో కాలువ పనికి ఎవరెవరు వచ్చారో ముందు రాసి, ఆ తరువాతే పని సంగతి రాసేవాణ్ని. ఉద్యోగం అయిపోయినా డైరీలో ఆ పద్ధతి పోలేదు. ఆ ఏడు వేసవిలో నా భార్య చనిపోయింది. అప్పటి నుంచి ఆ మొదటి వరుసలో చాలా రోజులు ‘నేను’ అన్న ఒక్క మాటే ఉండేది.

పెరట్లో మాత్రం ఆమె కోళ్లు ఉన్నాయి. నాలుగు పెట్టలు, ఒక పుంజు. ఆమె ఉన్నప్పుడు నేను వాటి వంక చూసింది తక్కువ. పొద్దున గూటి తలుపు తీస్తే అవి వెంటనే బయటికి వచ్చేవి కావు. నా వెనక ఇంకెవరైనా వస్తారేమోనని చూస్తున్నట్టు కాసేపు ఆగేవి. నూకలు చల్లి పిలిచినా దూరంగానే నిలబడి, నేను లోపలికి పోయాక వచ్చి తినేవి. అయినా ఇంట్లో అలికిడి అంటూ ఉంటే అది వాటిదే.

దినాలు అయిన నాడే మరదలు కోళ్లను తీసుకుపోతానంది. ఆమె నా భార్యకు సొంత చెల్లెలు. మగవాడివి, ఒక్కడివి, పెంట ఎత్తడం నీ వల్ల ఏమవుతుందని అడిగింది. నేను ఒప్పుకోలేదు. వానలు పడ్డాక నల్లపెట్ట పొదుగుకు వస్తుంది, పిల్లలను చేయించి చూపిస్తాను, చేతకాకపోతే అప్పుడు అన్నిటినీ తీసుకుపొమ్మన్నాను. ఆమె సరేనంది.

గంపలో వరిగడ్డి పరిచాను. ఉరుములకు గుడ్లు చెడకుండా ఒక బొగ్గుముక్క, ఒక ఇనుప మేకు పెట్టాను. ఇవి నా భార్య చేస్తుండగా చూసినవే. చూడనిది ఒకటుంది. ఆమె గుడ్లను జొన్నల కుండలో దాచిపెట్టి, అన్నింటినీ ఒకే సాయంత్రం కోడి కింద పెట్టేదట. నేను ముందు కొన్ని పెట్టి, ఆ తరువాత మిగతా పెట్టలు పెట్టిన గుడ్లను ఏనాటివి ఆనాడే తీసుకెళ్లి దాని కిందకే చేర్చాను, ఒక్కో గుడ్డు మీద పెన్సిలుతో తేదీ వేసి మరీ. అన్నింటికీ వేడి తగులుతున్నది కదా అనుకున్నాను.

శుక్రవారం మొదటి పిల్ల బయటికి వచ్చింది. శనివారానికి అయిదయ్యాయి. ఆదివారం పొద్దున మరదలు రెండు ఖాళీ గంపలతో బస్సు దిగింది. నేను సంబరంగా ఆమెను పెరట్లోకి తీసుకెళ్లాను. నల్లపెట్ట గంప దిగిపోయింది. పిల్లలను వెంటేసుకొని ముసురులోనే గోడ వారన గీకుతున్నది. గంపలో ఇంకా ఆరు గుడ్లున్నాయి. ముట్టుకుంటే చల్లగా తగిలాయి.

కోడిని పట్టి గంపలో కూర్చోబెట్టాను. లేచింది. పైన ఇంకో గంప బోర్లించాను. లోపల అది కొట్టుకుంటుంటే బయట పిల్లలు అరిచాయి. చివరికి గంప తీసేశాను. మరదలు ఒక గుడ్డు ఎత్తి, దాని మీది తేదీ చదివి నవ్వింది.

“అక్కకు చదువు రాకపాయె బావా. గుడ్డు మీద తారీకు రాయాల్నని ఆమెకు తెల్వకపాయె.”

నా ముఖం చూసి నవ్వు ఆపింది. పిల్లలు నడవడం మొదలుపెట్టాక కోడి ఇక ఆగదని, మిగిలినవి పారేయడమేనని నెమ్మదిగా చెప్పింది.

ఒక గుడ్డును చెవి దగ్గర పెట్టుకుంటే లోపల గోకుతున్న చప్పుడు వినిపించింది. పారేయడానికి చేతులు రాలేదు. బల్బు కింద పెడదామంటే పొద్దుటి నుంచి కరెంటు లేదు. ఆరింటినీ తువ్వాలలో చుట్టి, పొట్టకు ఆనించుకొని, పైన దుప్పటి కప్పుకొని అరుగు మీద కూర్చున్నాను. అన్నం కూడా అట్లాగే తిన్నాను.

కోడి గోల విని, మధ్యాహ్నం దాటాక దర్జీ భార్య వచ్చింది. నన్ను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఇగ మీరు గూడ పొదుగుకు కూసున్నరా సార్?”

వాళ్లింట్లోనూ ఒక కోడి పొదుగులో ఉంది. పరాయి గుడ్లను రానిస్తుందో లేదో తనకూ తెలియదంది. దానికి కోపం ఎక్కువ, పగలైతే పొడుస్తుంది, చీకటి పడుతుండగా పెడదాం, అప్పటిదాకా మీరు లేవకండని చెప్పింది. నేను లేవలేదు. చీకటి పడే వేళకు గుడ్లతో వాళ్లింటికి వెళితే, ఆమె ఒక్కొక్క గుడ్డునూ ఆ కోడి రెక్క కిందికి జరిపింది. మణికట్టు మీద కోడి పొడిచినా ఆమె చెయ్యి తీసుకోలేదు.

ఇంటికి వచ్చాక, కోళ్ల సంగతి ఏం చేద్దామని మరదలు అడిగింది. పొద్దున చూసి చెబుతానన్నాను.

సోమవారం పొద్దున దర్జీ భార్య గోడ అవతలి నుంచి పిలిచింది. రెండు పిల్లలు బయటికి వచ్చాయి. మిగతా వాటిని గోరువెచ్చని నీళ్లలో వేసి చూసిందట, ప్రాణముంటే కదలాలి, ఒక్కటీ కదలలేదు. ఆ రెండింటినీ దోసిట్లో పెట్టుకొని వచ్చి నల్లపెట్ట ముందు వదిలాను. అది మెడ చాచి చూసి, ఒకదాని తల మీద పొడిచింది. రెండోదాని మీదికి పోబోతుంటే రెండింటినీ ఎత్తుకొని తిరిగి పక్కింటికి తీసుకెళ్లాను. మీ పిల్లలు మీవే సార్, మా కోడి కిందనే పెరుగుతాయి, వచ్చి చూసుకోండి అంది ఆమె.

నేను వచ్చేసరికి మరదలు గంపలు దులుపుతున్నది. నేనే చెప్పాను.

“తీస్కపో.”

“అన్ని తీస్కపోను బావా. పిల్లలతోని నల్లదాన్ని బస్సుల ఎట్ల తీస్కపోవాలె? అది ఉండనియ్యి.”

మూడు పెట్టలను, పుంజును ఇద్దరం కలిసి పట్టాం. పుంజు ఉన్న గంపను నేనే బస్టాండు దాకా మోశాను. మోత్కూరు బస్సు కదిలాక ఇంటికి మళ్లాను.

తిరిగి వచ్చేసరికి పెరట్లో ఏమీ లేదు. నల్లపెట్ట పిల్లలతో సహా గోడ కింద నీళ్లు పోయే తూములో నుంచి దూరి పక్కింటి వాకిట్లోకి వెళ్లిపోయింది. అవతల గీకుతున్న చప్పుడు వస్తున్నది. లోపలికి వెళ్లి దోసెడు నూకలు తెచ్చి గోడ మీది నుంచి అటు చల్లాను.