యాదమ్మ పెద్దమ్మతో భువనేశ్వర్, మడ్గావ్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లకు

ఇబ్రహీంపట్నంలో నేను వ్యాయామ టీచర్ని. మా బడికి ఆటస్థలం లేదు. పక్కనే ఉన్న యాదమ్మ పెద్దమ్మ ఎకరం బీడులోనే నాలుగేళ్లుగా ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతున్నాను. ఆదిబట్ల వైపు కంపెనీలు వచ్చాక చుట్టుపక్కల పొలాలన్నీ ప్లాట్లయ్యాయి. ఆ ఎకరానికీ ఆమె కొడుకు బేరం మాట్లాడాడు. "ఆడపిల్లల ఆట ఎవ్వలు జూస్తరు బిడ్డా? గా జాగ ఊకె పెట్టుకొని ఏం జెయ్యాలె?" అని పెద్దమ్మ అడిగింది. అప్పుడే మన దేశంలో పదిహేడేళ్లలోపు అమ్మాయిల ఫుట్‌బాల్ ప్రపంచకప్ జరుగుతోంది. "నాతో రండి పెద్దమ్మా, ఎవరు చూస్తారో మీరే చూద్దురుగాని" అన్నాను. దారిలో పూరీ జగన్నాథుణ్ణి చూపించాలనే షరతు మీద ఒప్పుకుంది.

ఉదయం బస్సెక్కి, ఎల్బీనగర్‌లో మారి సికింద్రాబాద్ చేరాం. సాయంత్రం రైలెక్కితే మర్నాడు మధ్యాహ్నం దాటాక భువనేశ్వర్. స్టేషన్ నుంచి స్టేడియానికి ఆటోకు నూటయాభై తీసుకున్నాడు. గ్యాలరీ దాదాపు నిండింది. పెద్దమ్మ మాత్రం జనాన్నీ చూడలేదు, బంతినీ చూడలేదు. "గీ గడ్డి ఎట్ల పెంచిన్రే?" అని అదే ధ్యాస. మర్నాడు పొద్దున్నే నన్ను మళ్లీ అక్కడికి లాక్కెళ్లింది. ప్రాక్టీసు మైదానంలో ఒకాయన గడ్డి కోస్తున్నాడు. ఇనుప కమ్మీల ఇవతల నుంచే, "బేటా, ఇస్కు పానీ కిత్నే బార్ దేతే?" అని, నీళ్లు ఎన్నిసార్లు పెడతారో తనకొచ్చిన హిందీలో అడిగింది. ఆయన నవ్వి దగ్గరికొచ్చాడు. నీళ్లు, ఇసుక, ఎరువు అంటూ ఇద్దరూ పావుగంట మాట్లాడుకున్నారు. తర్వాత బస్సులో పూరీ వెళ్లి దర్శనం చేసుకున్నాం. బస్సు ప్రయాణం గంటన్నర పట్టింది.

హైదరాబాద్ తిరిగొచ్చి, ఒకరోజు ఆగి, గోవాకు స్లీపర్ బస్సు పట్టుకున్నాం. మనిషికి పదిహేను వందలు, పద్నాలుగు గంటల ప్రయాణం. మడ్గావ్‌లో మ్యాచ్ సగంలో ఉండగా పసుపు చొక్కా వేసుకున్న బక్కపిల్ల ఒకతె కిందపడి, మోకాలు పట్టుకుని లేవలేకపోయింది. పెద్దమ్మ దిగ్గున లేచి, "లే బిడ్డా! ఏం గాలే, ఉరుకు!" అని అరిచింది. ఆ పిల్ల లేచి కుంటుతూనే పరిగెత్తింది. పక్క సీట్లోని గోవా ముసలావిడ నవ్వుతూ, "మీ మనవరాలు కూడా ఆడుతుందా?" అని హిందీలో అడిగింది.

పెద్దమ్మ నాకేసి చూసి, "అవ్ అని జెప్పు. ఇంటి కాడ ఇర్వై మంది ఉన్నరని జెప్పు" అంది.

మర్నాడు టిఫిన్ దగ్గర, స్థలం కొనేవాళ్లు సంతకాలకు వస్తామంటున్నారని కొడుకు ఫోన్ చేశాడు. "ఆళ్లను రావద్దను. నేను సంతకం పెట్ట" అంది పెద్దమ్మ. అతని అరుపు నాకూ వినిపించింది. "అర్వకు. నేనున్నన్ని దినాలు గాడ పిల్లలు ఆడుతరు" అని ఫోన్ పెట్టేసి, ఇంకో ఇడ్లీ అడిగింది.

ఆమె కొడుకు నాతో ఇప్పటికీ సరిగా మాట్లాడడు. అతని లెక్క అతనిది, తప్పుపట్టలేను. తల్లీకొడుకుల మధ్య నా వల్ల మాట వచ్చిందన్న బాధ కొంచెం ఉంది. అయినా సాయంత్రం నాలుగున్నరకు బడి గంట కొట్టగానే పిల్లలు ఆ బీడు వైపు పరుగెత్తుతుంటే మనసు నిండిపోతుంది. వేల మందిని చూపిస్తే పెద్దమ్మ మారుతుందనుకున్నాను. ఆమె చూసింది కిందపడి లేచిన ఒక్క పిల్లనే.

మీరూ ఇలాంటి మ్యాచ్‌కు వెళ్తే ఒక మాట: పెద్దవాళ్లు వెంట ఉంటే కింది వరుస సీట్లే తీసుకోండి. మెట్లు ఎక్కే బాధ తప్పుతుంది, ఆడేవాళ్ల ముఖాలూ కనిపిస్తాయి.