షరీఫాబీ సిల్‌సిల

షరీఫాబీ ఒక కథ చెప్పాలంటే ముందు ఆ కథ తనకెవరు చెప్పారో చెబుతుంది. వాళ్లకెవరు చెప్పారో చెబుతుంది. వాళ్లది ఏ ఊరు, ఏం పని చేసేవాళ్లు, ఏ కరువులో ఏం తిని బతికారు, అదీ చెబుతుంది. కథలోని రాజు గద్దెనెక్కే సరికి వినడానికొచ్చిన వాళ్లలో సగంమంది ఇళ్లకు వెళ్లిపోయి ఉంటారు. ఈ పేర్ల వరసను ఆమె సిల్‌సిల అంటుంది. కొల్లాపూర్ మామిడికాయల షెడ్డులో ఆమెకు స్థిరపడిన పేరు కూడా అదే, సిల్‌సిల బీ.

ఇంత పేర్ల పిచ్చి ఉన్న మనిషికే జరిగింది అన్యాయం. పన్నెండేళ్ల కిందట వెంకట్రాములు సార్ అనే లెక్చరర్ వనపర్తి నుంచి వచ్చి, షెడ్డులో ఆమె పక్కన వరిగడ్డి మీద కూర్చుని, మూడు వేసవులు ఆమె పోసిన చాయ్ తాగి, ఇరవై ఏడు కథలు రికార్డు చేసుకుని పోయాడు. పుస్తకం అచ్చయింది. అట్ట మీద సార్ పేరు, వెనక అట్ట మీద సార్ ఫొటో. కథలు చెప్పిందెవరయ్యా అంటే ముందుమాట చివర రెండే రెండు మాటలు: అజ్ఞాత జానపదులు. మూడు వేసవులు చాయ్ పోసిన మనిషి అజ్ఞాతం ఎట్లా అవుతుందో ఆ సార్‌కే తెలియాలి.

చదువురాని షరీఫాబీ ఆ ముందుమాట ఎవరితోనో చదివించుకుని విన్నది. కోప్పడలేదు. పుస్తకాన్ని ఉతికిన గుడ్డలో చుట్టి బట్టల పెట్టెలో పెట్టుకుంది. "సార్‌కు యాదికి లేవేమో. మస్తు పేర్లు గద," అని ఊరుకుంది.

ఆ పిచ్చి కథల దగ్గరే ఆగితే ఊరికి ఇంత బాధ ఉండేది కాదు. ఒక సాయంత్రం పక్కింటి తహసీన్ గోరువెచ్చని పాలు గిన్నెలో పట్టుకుని వచ్చింది.

"ఖాలా, జర తోడు ఇయ్యి."

"ఇస్త తియ్యి. గీ తోడు ఎవరిదనుకున్నవ్? సత్తెమ్మది. సత్తెమ్మకు వాళ్ల అత్త అచ్చంపేటకెళ్లి తెచ్చింది. ఆ అత్తకేమో..."

"పాలు సల్లారుతున్నయి ఖాలా."

"అచ్చంపేట దాంక వచ్చినం గద. ఇంకో రెండు ఊర్లే."

తహసీన్ ఇంటికి వెళ్లి పాలు మళ్లీ వేడి చేసుకుని వచ్చింది. షరీఫాబీ సిల్‌సిలను సత్తెమ్మ దగ్గర్నుంచి మళ్లీ ఎత్తుకుంది. మధ్యలో తెగిన సిల్‌సిలను మధ్యలో అందుకోవడం ఆమె దృష్టిలో పెద్ద తప్పు. ఆ ఇంట్లో ఆ రాత్రి పెరుగు లేదు.

దవాఖానలోనూ ఇంతే. "మోకాలు నొప్పి ఎప్పటి నుంచి?" అని డాక్టర్ అడిగాడు.

"నొప్పి నాది గాదు సారూ. మా నానీ మస్తాన్‌బీది. రెండు కోసులు నడిచి నీళ్లు మోసింది. ఆమెకెళ్లి మా అమ్మీకి వచ్చింది, అమ్మీకెళ్లి నాకు."

డాక్టర్ కలం ఆపి తల ఎత్తాడు. "అయితే గోలీలు ముగ్గురికి రాయాల్నా?"

పక్కన కూర్చున్న నిరోష చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. నిరోష అదే షెడ్డులో కాయలు ఏరుతుంది, ఇరవై రెండేళ్లు. వాళ్లమ్మ అంజమ్మ కూడా అక్కడే కాయలు ఏరేది. నిరోషకు నాలుగేళ్లప్పుడు అంజమ్మ వలస పనికని దూరం పోయి అక్కడే జ్వరంతో చనిపోయింది. ఒక్క ఫొటో కూడా మిగల్లేదు. అప్పటి నుంచి షరీఫాబీ ఎక్కడుంటే నిరోష అక్కడ.

ఈ ఏడు వేసవిలో జయశ్రీ షెడ్డుకు వచ్చింది. వెంకట్రాములు సార్ దగ్గర పరిశోధన చేస్తున్న వనపర్తి అమ్మాయి. సార్ పుస్తకం రెండోసారి అచ్చుకు వెళ్తోంది. ఆ సందర్భంగా నాగర్‌కర్నూల్‌లో ఒక రోజు సభ. విషయం: అద్భుత కథ, దాని పుట్టుక, నిర్వచనం, వ్యాఖ్యానం. అందులో షరీఫాబీకి పది నిమిషాలు ఇచ్చారు. ఆమెను పది నిమిషాల్లోకి కుదించే బాధ్యత జయశ్రీది.

"మామిడిపండు పిల్ల కథ చెప్పుండ్రి అమ్మా. కథ ఒక్కటే. పేర్లు వద్దన్నరు సార్," అని జయశ్రీ ఫోనులో గడియారం పెట్టింది.

షరీఫాబీ చెప్పింది. సిల్‌సిల పద్నాలుగు నిమిషాలు, కథ తొమ్మిది.

"పేర్లు జర తగ్గించరాదూ."

"ఎవరిని తీసేయాలె? నువ్వే చెప్పు బిడ్డా. మస్తాన్‌బీని తీసేయనా, ఎల్లన్ననా?"

జయశ్రీ గడియారం మళ్లీ మొదటి నుంచి పెట్టింది. రెండోసారి పేర్లు పదిహేడు నిమిషాలు పట్టాయి. తీసేయాలేమో అనుకున్న వాళ్ల గురించి షరీఫాబీ మరికొంత చెప్పింది మరి.

"నీకు మొట్టమొదటి కథ ఎవరు చెప్పిండ్రు?" అని ఉన్నట్టుండి అడిగింది షరీఫాబీ.

"మా అమ్మమ్మ అనుకుంట."

"అనుకుంటవా?" షరీఫాబీ ఆమెను చూసిన చూపు, ఇంటి పేరు మర్చిపోయిన మనిషిని చూసే చూపు.

మూడో రోజు జయశ్రీ గడియారం పక్కన పెట్టి, గంప ముందు కూర్చుని తనూ కాయలు ఏరడం మొదలుపెట్టింది. పుస్తకాల్లో తెగని సంగతి ఇక్కడ అడిగేసింది. "అమ్మా, అద్భుత కథ అంటే ఏంది? నా నోట్సుల మూడు నిర్వచనాలున్నయి. ఒకదానికొకటి పొసగవు."

"గంత పెద్ద సవాలా అది? ఎవరింట్ల ఏది లేదో అది కథల వచ్చి కూసుంటది. గంతే," అంది షరీఫాబీ, చేతిలోని బేనిషాన్ కాయ తొడిమ చూస్తూ. "గొర్ల ఎల్లన్న జిందగీల మంచం మీద పండలే. ఎండల, వానల, గొర్ల నడుమనే పన్నడు. గందుకే కథల రాజుకు పట్టెమంచం పెట్టిండు. ఎల్లన్న మా నానీకి చెప్తే, ఆమె నీళ్లబావి పెట్టింది, ఎన్ని కడవలు తోడినా ఎండనిది. నానీ మా నాయన చెల్లె జుబేదా ఫుప్పుకు చెప్తే, ఆమె ఏడు దినాల దావత్ పెట్టింది. కరువుల చింతగింజలు ఉడికించుకొని తిన్న మనిషి."

"మరి రాక్షసుణ్ణి ఎవరు పెట్టిండ్రు?"

"రాక్షసుణ్ణి ఎవరు పెడ్తరు బిడ్డా? వాడు మొదటికెళ్లి ఉన్నడు."

"పండులకెళ్లి వచ్చిన పిల్లకు ఎర్రచెప్పులు?"

"అవి అంజమ్మ పెట్టింది. గీ నిరోష తల్లి."

పక్క గంప దగ్గర నిరోష తల ఎత్తలేదు. కాయలు ఏరే చేయి మాత్రం కాసేపు ఆగింది.

జయశ్రీ చేతిలోని కాయ పక్కన పెట్టేసింది. కారణం, ఆ ఎర్రచెప్పుల మీద సార్ ఇరవై పేజీల వ్యాసం రాశాడు. చెప్పులు దూరదేశపు కథల్లోంచి సముద్రం దాటి, ఓడల వ్యాపారుల వెంట ఇక్కడికి చేరాయని అందులో తేల్చాడు. పట్టెమంచం రాజ్యాధికారం. బావి మనసులోని లోతు. దావత్ సామూహిక క్రతువు. చింతగింజల ఊసు ఎక్కడా లేదు.

ఆమె అక్కడి నుంచే సార్‌కు ఫోన్ చేసింది. "సార్, పుస్తకం చివర్ల పేర్ల పేజీ ఒకటి వేద్దామా?"

"జానపదమంటేనే పేరు లేనిది జయశ్రీ. అది శాస్త్రం. సోమవారం ప్రెస్‌కు పోతది, మళ్ల మళ్ల అచ్చు గాదు. నువ్వు ఆ పేర్లు ఆపించు, చాలు."

షరీఫాబీ అంతా వింటూనే ఉంది. కాయను గడ్డిలో పెట్టి మెల్లగా అడిగింది. "నాది పడకున్నా ఏం గాదు. అంజమ్మ పేరన్నా ఈపాలి పడుతదా బిడ్డా?"

జయశ్రీ ఫోను సంచిలో పడేసి మళ్లీ కాయలు ఏరడం మొదలుపెట్టింది.

సభ రోజు వచ్చింది. వేదిక మీద వెంకట్రాములు సార్ ముందు ఒక ఇత్తడి గంట. టైము దాటిన వాళ్లకు ఆయనే కొడతాడు. అంతకుముందు మాట్లాడిన ఇద్దరు పండితులకు రెండేసి సార్లు కొట్టాడు. షరీఫాబీ మైకు ముందుకు వచ్చి, దాన్ని కాయను చూసినట్టు అటూ ఇటూ చూసి, మొదలుపెట్టింది.

"ఇది గొర్ల ఎల్లన్న కథ. మంచం లేనోడు. పట్టెమంచం పెట్టిండు."

మొదటి వరసలో నిరోష పక్కన జయశ్రీ కళ్లు మూసుకుంది. ఎల్లన్న అయ్యాడు. మస్తాన్‌బీ, ఆమె మోకాళ్లు, ఆమె బావి అయ్యాయి. జుబేదా ఫుప్పు చింతగింజల దాకా వచ్చింది. వెనక వరసలో ఒక ముసలాయన, "మా అవ్వ కూడ గదే తిన్నది," అన్నాడు. సరిగ్గా పదో నిమిషం. సార్ గంట కొట్టాడు.

"ఒక్కతి ఉంది సార్," అంది షరీఫాబీ. "అంజమ్మ. కాయలు ఏరేది. పండులకెళ్లి వచ్చిన పిల్ల ఒట్టికాళ్లతోని ఎండల ఎట్ల నడుస్తదని ఎర్రచెప్పులు తొడిగింది. అంజమ్మ కాళ్లకు చెప్పుల్లేవు. అయిపాయె." అని దిగబోయింది.

"మరి కథ?" అన్నాడు సార్ అయోమయంగా.

"కథ మీ పుస్తకంల ఉంది గద సార్. అండ్ల లేనిదే చెప్పిన."

హాలంతా చప్పట్లతో లేచింది. జయశ్రీ ఆ చప్పట్లలో తన చేతులు నొప్పి పుట్టేదాకా కలిపింది. ఇంత గర్వం ఆమెకు తన డిగ్రీ పట్టా అందుకున్న రోజున కూడా కలగలేదు.

వెంకట్రాములు సార్ చెడ్డవాడు కాదు. గురువులు నేర్పింది నమ్మినవాడు, అంతే. గంటను బల్ల కింద పెట్టేసి, మైకు లేకుండానే అడిగాడు. "మరి సముద్రం దాటొచ్చిన చెప్పులని నేను ఇరవై పేజీలు రాసిన కదమ్మా. వాటినేం చేయాలె?"

"ఉండనియ్యుండ్రి సార్. ఆమె చెప్పులు పెట్టింది, మీరు సముద్రం పెట్టిండ్రు. రేపటికెళ్లి మీ పేరు కూడ చెప్త. సముద్రం పెట్టిన వెంకట్రాములు సార్."

సార్ నవ్వాడు, ఎర్రబడ్డాడు, మళ్లీ నవ్వాడు. సోమవారం ప్రెస్‌కు పోవలసిన పుస్తకం గురువారం పోయింది, ఒక పేజీ ఎక్కువతో.

తిరుగు బస్సులో ముందు సీట్లో కూర్చున్న షరీఫాబీకి కండక్టర్ దొరికాడు. ఏడికెళ్లి వస్తున్నవని అతను ఊరికే అడిగాడు, పాపం. వెనక సీట్లో జయశ్రీ నిరోష చేయి పట్టుకుని, "మీ అమ్మ పెట్టిన చెప్పులు అందరికి యాదుంటయి ఇగ," అంది.

నిరోష నవ్వింది. "అక్కా, మా అమ్మ ఎన్నడు కథ చెప్పలే. గంప ముంగట కూసొని వినేది, గంతే. నాకు ఏడేండ్లున్నప్పుడు మన షరీఫా నానీని అడిగిన, అందరు కథల ఏదో ఒకటి పెట్టిండ్రు గద, మా అమ్మ ఏం పెట్టింది అని. నానీ రెండు గంపలు ఏరే దాంక మాట్లాడలే. అటెన్క చెప్పులు అన్నది. అంతకుముందు ఆ పిల్ల ఒట్టికాళ్లతోనే నడుస్తుండె. నేను విన్న గద."

"నీకు ఎరుకేనని ఆమెకు ఎరుకనా?"

"తెల్వదు. చెప్పకు. సిల్‌సిలల తప్పు పోయిందని పరేషాన్ అయితది. డాక్టర్ దగ్గర, బస్సుల, తోడు దగ్గర, ఏడికివోయినా నన్ను పక్కకు కూసోవెట్టుకొని పేర్లు తీస్తదెందుకు అనుకున్నవ్? అటు తిప్పి ఇటు తిప్పి మా అమ్మ దాంక వస్తది. దినానికి ఒక్కపారన్నా ఆ పేరు నా చెవుల పడాలె, గంతే."

పేర్ల పేజీ ప్రూఫు దిద్దుతూ జయశ్రీ 'చెప్పులు: అంజమ్మ' అన్న చోట కాసేపు ఆగింది. పరిశోధన లెక్కన అది తప్పు. ఎవరింట్లో ఏది లేదో అది కథలోకి వస్తుందన్న నిర్వచనం లెక్కన అంతకంటే సరైన పేరు లేదు. దిద్దకుండా వదిలేసింది. ఆ రాత్రే వాళ్లమ్మకు ఫోన్ చేసి కనుక్కుంది. తనకు మొదటి కథ చెప్పింది అమ్మమ్మ కాదు, వాకిలి ఊడ్చడానికి వచ్చే ఎంకమ్మ.

ఇప్పుడు మీకు రెండు విన్నపాలు. షరీఫాబీకి ఇది ఎవరైనా చదివి వినిపిస్తే, బస్సులోని ముచ్చట మాత్రం వదిలేసి చదవండి. రెండోది, ఈసారి పిల్లలకు కథ మొదలుపెట్టే ముందు అది మీకెవరు చెప్పారో పేరు పెట్టి చెప్పండి. గుర్తు లేకపోతే ఇంట్లో పెద్దవాళ్లకు ఈరోజే ఫోన్ చేసి అడగండి. మీ దగ్గరున్న కథల పుస్తకంలో అజ్ఞాత అని అచ్చయి ఉంటే, పక్కన ఖాళీ మస్తుగా ఉంటుంది. కలం తీసుకుని ఆ పేరు రాయండి. పాలు చల్లారితే మళ్లీ వేడి చేసుకోవచ్చు.